ఇరవైనాలుగు చెక్కపాదాలు

అబా,
2023 జూన్ 12.

అదాకు వదినగారికి,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాశాను. మా అమ్మ నేర్పిన మర్యాద ఒకటి ఇంకా మిగిలి ఉంది.

మీ తమ్ముడు దూబెంని మట్టిలో పెట్టి నేటికి ఇరవై రోజులు. ఆ ఇంటికి మీరు పెద్దాడపడుచు. కొటోనూ నుంచి బస్సెక్కితే మర్నాటికి ఇక్కడుంటారు. రాలేదు. "చచ్చినవాడి కోసం సరిహద్దు దాటలేనంది మా అక్క" అని మీ పెద్దతమ్ముడు అనాయో బావగారు అందరి ముందూ చెప్పారు. నేను నమ్మలేదు. శవపేటిక లేపేదాకా వీధి చివరికే చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు ఏం జరిగిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. నాకు గుండు చెయ్యడానికి బ్లేడు తెమ్మన్నారు. నా పర్సూ ఫోనూ అప్పటికే బావగారి సంచిలో ఉన్నాయి. కొనడానికి నా దగ్గర ఏమీ లేదన్నాను. ఆయన నవ్వి, వచ్చినవాళ్ళందరికీ వినపడేలా అన్నారు: "మావాడు పదిహేనేళ్ళు బూట్లు కుట్టాడు. పెళ్ళాం గుండుకి బ్లేడు కొనేంతైనా మిగల్చలేదా?"

జనం నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు వదినా.

తరవాత వారంలో కుట్టుమిషన్లు నాలుగూ ఊరికి పట్టుకెళ్ళారు. షాపుకి తన తాళం వేసుకున్నారు. లోమే, దువాలా నగరాల బేరగాళ్ళు బూట్లకు పంపిన డబ్బంతా దూబెం మీ మాట విని బిట్‌కాయిన్లుగా మార్చి, పెన్‌డ్రైవ్ లాంటి చిన్న వస్తువులో దాచుకున్నాడు కదా. మన దేశపు నైరా నోట్లయితే ఎండలో వెన్నలా కరిగిపోతోంది, ఇది కరగదు అనేవాడు. ఆ వస్తువు కూడా ఇప్పుడు బావగారి జేబులో ఉంది. దాని పిన్ నంబరు చెప్పమని రోజూ మనిషిని పంపుతున్నారు. రెండుసార్లు తోచిన నంబరు కొట్టారట. మూడోసారి కూడా తప్పితే లోపలున్నదంతా చెరిగిపోతుందని ఫోన్లు బాగుచేసేవాడెవడో భయపెట్టాడట. నంబరు నాకు తెలుసు. చెప్పను. చెప్పకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు.

ఆ వస్తువు తిరిగి లాక్కునే దారి చెప్పండి. ఆ డబ్బుతో షాపు మళ్ళీ తెరవాలి. అంతకంటే ముందు ఆయన ఏడవడం చూడాలి. దాచుకోవడం దేనికి, నాకు కావలసింది అదే.

మీరు ఒకప్పుడు ముద్దుగా పిలిచిన
ఉరెన్నా

*

కొటోనూ,
జూన్ 19.

మరదలా,

బస్సు డ్రైవరు సిల్వానస్ నీ ఉత్తరం ఇచ్చి, చదివేదాకా కదలకుండా నిలబడ్డాడు. నా మొహం చూసి టీ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

రాలేదన్నావు. విను. దూబెంని పూడ్చేది జూన్ మూడున అని అనాయో నాకు చెప్పాడు. నేను ఆవుని కొన్నాను. మా వీధి ఆడవాళ్ళకి పన్నెండుమందికి తెల్లబట్టలు కుట్టించాను. మే ముప్పైన ఎవడో మన ఊరివాడు బస్సు దిగి, "అమ్మా, దూబెం సమాధి మీద మట్టి ఆరిపోయింది, మీరింకా ఇక్కడే ఉన్నారేం?" అన్నాడు. దూబెం పుట్టినప్పుడు బొడ్డు కోసిన తరవాత మొదట ఎత్తుకున్నది నేను. ఆఖరి పిడికెడు మట్టి వేసే హక్కు నాది. నా పెద్దతమ్ముడు దాన్ని దొంగిలించాడు. మిషన్లు దొంగిలించడం దాని ముందు ఎంత?

కాబట్టి ఏడిపించే పనిలో నువ్వు ఒంటరిదానివి కావు.

ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఆ వస్తువు కోసం అనాయోతో పోట్లాడకు. పోలీసుల దగ్గరికి పోకు. దాన్ని వాడి దగ్గరే ఉండనీ. నంబరు మాత్రం నేను చెప్పేదాకా నోరు జారనివ్వకు. ఇంకొక సంగతి. దూబెం ఎక్కడైనా ఇరవైనాలుగు మాటలు రాసి దాచాడా? ఇంగ్లీషు మాటలు, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఇంట్లో కాగితం కాగితం వెతుకు. దొరికిందీ లేనిదీ వెంటనే రాయి. ఫోన్లు అరువడిగి మాట్లాడకు, ఈ విషయం ఫోన్లో వద్దు. సిల్వానస్ చాలు.

నీ తలకి కొబ్బరినూనె రాసుకో. త్వరగా వస్తుంది జుట్టు.

అదాకు

*

అబా,
జూలై 1.

వదినగారికి,

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నా మొగుడు పోయాడు, ఇల్లు పోతోంది, మీరు ఇరవైనాలుగు మాటల కోసం కాగితాలు వెతకమంటున్నారు.

మొన్న బావగారు స్వయంగా వచ్చారు. నన్ను ఇంటిముందు నిలబెట్టి, "మా అక్క నాకు ఫోన్ చేసింది. తమ్ముడూ, ఆ వస్తువు నీ దగ్గరే జాగ్రత్తగా ఉంచు అంది. ఇక నీకు దిక్కెవరు?" అన్నారు. మీరు చేశారా లేదా? చేశారని ఆయన ఫోన్లో మీ నంబరు చూపించారు. నాకు రాసిందీ అదే మాట కదా, వాడి దగ్గరే ఉండనీ అని. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. మిగతా అర్ధం బావగారన్నమాట. వస్తువు ఆయనకి, మాటలు మీకు, గుండు నాకు.

కాగితం లేదు. ఉన్నా పంపను. దూబెం కాగితం మీద ఎప్పుడు రాశాడు? షాపు రేకులు కారతాయని, ఏది రాసినా తడిసిపోతుందని, కొలతలూ బేరగాళ్ళ పేర్లూ అన్నీ ఇనుప అక్షరాలు పెట్టి సుత్తితో తోలు మీదో చెక్క మీదో కొట్టుకునేవాడు. నాకు రాసిన ప్రేమలేఖ కూడా బెల్టు ముక్క మీదే. మీకు తెలియనిదా?

ఆ షాపులో మిగిలినవి కూడా బావగారి మనుషులు నిన్న వీధిలోకి విసిరేశారు. మీ నాన్నగారి కాలం నాటి చెక్కపాదాలు, బూటుకి అచ్చుగా లోపల పెట్టి కుట్టేవి, ఒక గోతాం నిండా. పనికిరాని పాతచెక్క అన్నారు. ఎదురుగా మొక్కజొన్న పొత్తులు కాల్చే ఎజిన్నే వాటిని పొయ్యిలోకి ఏరుకుంటోంది. నేను గుమ్మంలోంచి చూస్తూ ఊరుకున్నాను. నల్లబట్టలో ఉన్న విధవ వీధిలోకి పరిగెత్తకూడదట.

ఇక నాకు రాయకండి.

ఉరెన్నా

*

కొటోనూ,
జూలై 5.

పిచ్చిదానా,

ఈ ఉత్తరం పూర్తిగా చదవకు. కింద పెట్టి పరిగెత్తు. ఎజిన్నే పొయ్యిలోంచి ఆ చెక్కపాదాలన్నీ తీసుకురా. కాలినవి, సగం కాలినవి, బూడిదలో ఉన్నవి, అన్నీ. ఆచారం తప్పితే తప్పు నాది, పెద్దాడపడుచుగా చెబుతున్నాను, పరిగెత్తు.

తెచ్చావా? ఇప్పుడు చదువు.

డబ్బు ఆ పెన్‌డ్రైవ్‌లో లేదు. ఎప్పుడూ లేదు. అది తాళంచెవి మాత్రమే. ఆ ఇరవైనాలుగు మాటలు వరసగా ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు ఎన్ని చెవులైనా చేసుకోవచ్చు. చెవి గట్టర్లో పడినా ఏమీ కాదు. దానితోపాటు మాటలూ పోతే మాత్రం ఆ డబ్బు దేవుడికి కూడా అందదు. నాలుగేళ్ళ క్రితం దూబెం ఇక్కడికి వచ్చినప్పుడు నేనే నేర్పాను. ఫోటో తియ్యొద్దు, ఫోన్లో కొట్టొద్దు, కాగితమైతే తడుస్తుంది కాలుతుంది అన్నాను. వాడు నవ్వి, "నాకు కాగితం దేనికక్కా" అన్నాడు. ఆ నవ్వు ఇవాళ నీ ఉత్తరం చదివాక అర్థమైంది.

పాదాల అడుగున చూడు. అక్షరాలు ఉంటే అవే.

అనాయోకి ఫోన్ చేశాను, నిజమే. తియ్యగా మాట్లాడాను. కోపంగా మాట్లాడితే వాడు భయపడి ఆ వస్తువుని రాయి పెట్టి కొడతాడు. అది పగలకూడదు. నాకు అది పనికొస్తుంది, ఎలాగో తరవాత చెబుతాను. నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు.

మాటలు దొరికితే నాకు రాయకు. డ్రైవరుకి చెప్పకు, పాస్టరుకి చెప్పకు. రేపు నేనే ఉత్తరం రాసి అడిగినా చెప్పకు. నన్ను అనుమానించావు చూడు, ఆ అనుమానం అలాగే ఉంచుకో. ఈ విద్యలో మొదటి పాఠం అదే.

అదాకు

*

అబా,
జూలై 13.

వదినా,

పరిగెత్తాను. నల్లబట్ట అంచు ఎజిన్నే పొయ్యిలో పడి కాలింది. వీధి వీధంతా చూసింది.

ఎజిన్నే మంచిది. "నీ మొగుడి కాళ్ళు కాలుస్తున్నానని తెలిస్తే ముట్టుకునేదాన్నా తల్లీ" అని గోతాం మొత్తం ఇచ్చి, రెండు పొత్తులు కూడా చేతిలో పెట్టింది. అప్పటికి నాలుగు రోజులు వానలు పడి చెక్క తడిసిపోవడంతో సరిగా అంటుకోలేదట. ఆ వానలకి దండం పెట్టాను.

ముప్పైఐదో సైజు నుంచి నలభైఆరు దాకా, పన్నెండు జతలు, ఇరవైనాలుగు పాదాలు. మడమ కింద సైజు. అరికాలు మధ్యలో చిన్న అక్షరాలతో ఒక్కో మాట. అంతకుముందు వందసార్లు వాటి దుమ్ము దులిపి ఉంటాను. సైజు గుర్తులనుకున్నాను. ఒక ఆదివారం చర్చికి రాకుండా ఠక్ ఠక్ మని కొట్టుకుంటుంటే, దేవుడికంటే బూట్లు ఎక్కువా అని తిట్టాను కూడా. ఆ రోజు దూబెం చేస్తున్నది ఇదీ.

ఒకటి మాత్రం కాలింది. మాటకి నాలుగు అక్షరాలే మిగిలాయి, తోక బొగ్గైపోయింది. ఎన్నిసార్లు నీళ్ళతో కడిగి చూసినా రావడం లేదు. మొత్తం పోయినట్టేనా? నిజం చెప్పండి, తట్టుకుంటాను.

పోయినసారి రాసినదానికి మన్నించమని అడగాలని ఉంది. కానీ మీరే అనుమానం ఉంచుకోమన్నారు. సగం మన్నించండి.

ఉరెన్నా

*

కొటోనూ,
జూలై 20.

మరదలా,

పోలేదు. ఆ మాటలన్నీ ఒక జాబితాలోవి. రెండువేల పైచిలుకు ఉంటాయి, ఏ రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు. నాలుగు కొడితే మిగతావి నేను పంపుతున్న యంత్రమే చెబుతుంది. ఎజిన్నే పొయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఆమెకి నా పేర ఒక గుడ్డ కొనిపెట్టు.

సిల్వానస్ తెచ్చిన ఎండుచేపల బుట్టలో అడుగున చూడు. రెండు పెట్టెల్లో అనాయో జేబులో ఉన్నలాంటి యంత్రాలు, ఒక పాత ఫోను. ముందు పెట్టెల సీలు చూడు. ఎవరైనా విప్పినట్టు ఉన్నా, లోపల మాటలు ముందే రాసిన కాగితం ఉన్నా, వాటిని పొయ్యిలో పడెయ్. ముందే మాటలు రాసి అమ్మేవాడు దొంగ. నువ్వు డబ్బు పెట్టగానే వాడు తీసుకుంటాడు.

మొదటి దాంట్లో పాత మాటలు వరసగా కొట్టు. ఆ యంత్రం బటన్లతోనే కొట్టాలి, ఫోన్లో ఒక్క మాట కూడా కొట్టకు. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చేసేవాళ్ళు ఫోన్లోనే కొడతారు, పోగొట్టుకుంటారు. రెండోది కొత్తగా మొదలుపెట్టు. అది కొత్త ఇరవైనాలుగు మాటలు చూపిస్తుంది. వాటిని నీకు తెలిసిన పద్ధతిలో, నీకు తెలిసిన చోట దాచు. తరవాత మొదటి దాంట్లోంచి రెండోదాని చిరునామాకి డబ్బు పంపాలి. పాత చెవి అనాయో జేబులో ఉంది కాబట్టి మన డబ్బు ఇల్లు మారిపోవాలి, అంతే. ముందు రవ్వంత పంపి, చేరిందో లేదో చూసుకుని, ఆ తరవాత మిగతాది పంపు.

ఇక అసలు సంగతి. అనాయో సెప్టెంబరు రెండున ఊళ్ళో బిరుదు తీసుకుంటున్నాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. బిరుదు కావాలంటే ఊరంతటికీ భోజనం పెట్టాలి, ఎద్దులు కొయ్యాలి, పెద్దలకి కానుకలివ్వాలి. వాడి దగ్గర ఏముంది? తన వాటా పామాయిల్ తోట తాకట్టు పెట్టాడు. ఆ వస్తువు పెద్దలకి చూపించి, "మా తమ్ముడి సొమ్ము ఇందులో ఉంది, బిరుదు రోజు మీ అందరి ముందూ విప్పుతాను" అని మాటిచ్చాడట. నాకు ఫోన్ చేసి గొప్పలు చెప్పాడు. ఎంత మంచి తమ్ముడివిరా అన్నాను.

ఇప్పుడు తెలిసిందా, అది ఎందుకు పగలకూడదో?

అదాకు

*

అబా,
ఆగస్టు 1.

వదినా,

సీలు బాగానే ఉంది. చేపలు కూడా బాగున్నాయి. మీ యంత్రమే బాగాలేదు.

మూడు రోజులుగా పాదాలు వరసగా పేర్చి కొడుతున్నాను. ముప్పైఐదు ఎడమ, ముప్పైఐదు కుడి, ముప్పైఆరు ఎడమ, ముప్పైఆరు కుడి, అలా నలభైఆరు దాకా. ఆ కాలినదానికి మీరన్నట్టే తోక వచ్చింది. కానీ ఆఖరి మాట కొట్టగానే "చెల్లదు" అంటుంది. పదకొండుసార్లు అయింది. పెద్ద సైజు నుంచి చిన్నదానికి కూడా కొట్టి చూశాను. చెల్లదు.

నిజంగా ఇది మంచి సరుకేనా? లేక మీకు అమ్మినవాడు మిమ్మల్ని మోసం చేశాడా? లేక... రాయనులెండి. సగమే మన్నించమన్నాను కదా, మిగతా సగం ఇలాంటప్పుడు లేస్తుంది.

బావగారి మనిషి నిన్న మళ్ళీ వచ్చాడు. బిరుదు రోజు లోపల నంబరు చెప్పకపోతే సామాను వీధిలో పెడతారట. ఆ చెక్కపాదాలు విసిరేసిన చోటే. అక్కడ నేను ఏడుస్తూ కూర్చోవడం చూసి ఆ జనం మళ్ళీ నవ్వితే, వదినా, నేను ఏం చేస్తానో నాకే తెలియదు.

ఉరెన్నా

*

కొటోనూ,
ఆగస్టు 6.

మరదలా,

పన్నెండేళ్ళు చెప్పులు కుట్టేవాడితో కాపురం చేసి ఇదా నేర్చుకుంది?

మా నాన్న దగ్గర పని నేర్చుకుంటున్నప్పుడు దూబెంకి తొమ్మిదేళ్ళు. ఒక ముసలాయన బూట్లకోసం వస్తే, వీడు ముందు ఎడమ బూటు, అదీ ఎడమ చేత్తో అందించాడు. మా నాన్న అక్కడికక్కడే చెంప పగలగొట్టాడు. "ఇంటికొచ్చిన అతిథికి ఎడమ చేత్తో కోలా కాయ ఇస్తావా? ఎడమ చేత్తో పెద్దలకి దండం పెడతావా? అయితే బూటెలా ఇస్తావు?" అన్నాడు. ఆ రోజు నుంచి వాడు తోలు కోసినా, అచ్చు మీద బిగించినా, మేకు కొట్టినా, కుడిపాదం అయ్యాకే ఎడమ. మన ఇళ్ళలో పసిపిల్లకి కూడా తెలుసు. నీకూ తెలుసు. నువ్వు అన్నం ఎడమ చేత్తో తింటావా? పుస్తకం చదివేటట్టు ఎడమ నుంచి మొదలుపెట్టావు, బడిచదువు చేసిన పని అది.

ముప్పైఐదు కుడి. తరవాత ఎడమ. కొట్టు.

అయ్యాక ఒకే మాట రాయి, అయింది అని. అప్పుడు అనాయోకి కబురు పంపు, ఓడిపోయానని, బిరుదు రోజు నంబరు నా చేత ఇప్పిస్తానని. ఎంత ఉందో నాకు వద్దు.

అదాకు

*

అబా,
ఆగస్టు 14.

వదినా,

అయింది.

ఒకే మాట రాయమన్నారు, ఆగలేకపోతున్నాను. కుడిపాదం మొదట పెట్టి కొట్టాను. తలుపు తెరుచుకుంది. దూబెం ఎంత దాచాడో చూశాను. నన్ను కొత్త గౌను కొనుక్కోనివ్వలేదే, జీడిపప్పు కొంటే గొణిగేవాడే, అందుకా? తిట్టుకుంటూ ఏడ్చాను. దూబెం పోయిన తరవాత ఏడవడం అదే మొదటిసారి. అంతకుముందు ఏడ్చిందంతా కోపమే.

ముందు రవ్వంత పంపాను. చేరింది. తరవాత పంపాను. చేరింది. కొత్త మాటలు ఎక్కడ దాచానో మీకు చెప్పను.

మీరు చెప్పినట్టే బావగారికి కబురు పంపాను. ఓడిపోయాను, బిరుదు రోజు పెద్దల ముందు విప్పుకోవడానికి నంబరు కాగితం మీద రాసి మా వదిన చేతికిస్తాను, ఇల్లొక్కటీ వదిలెయ్యండి అని. ఒప్పుకున్నారు. నంబరు ఈ కవరులో ఉంది. నిజమైన నంబరే.

నేను మాత్రం రాలేను. నల్లబట్టలో ఉన్నదాన్ని బిరుదు పందిట్లోకి రానివ్వరు. నా కళ్ళు కూడా మీరే తీసుకెళ్ళండి.

ఉరెన్నా

*

ఊరినుంచి,
సెప్టెంబరు 8.

మన పెళ్ళానికి,

కోడలు ఇంటిల్లిపాదికీ పెళ్ళామేనని మా ఇంటి ఆడపడుచులందరూ నిన్ను ఇలాగే పిలవమన్నారు, అందుకే ఇలా మొదలుపెట్టాను. ఇది అనాయో వరండాలో కూర్చుని, అనాయో పెండలం తింటూ రాస్తున్నాను. ఇవాళ్టికి ఏడో రోజు.

నీ కళ్ళు తెచ్చాను, విను.

పందిరి బాగా వేశాడు. రెండు ఎద్దులు. బిరుదువాళ్ళ ఎర్రటోపీ అప్పటికే పెట్టేసుకున్నాడు, ఇంకా పెద్దలు పెట్టకుండానే. నేనూ ముప్పైఇద్దరు ఆడపడుచులూ, అందరం తెల్లబట్టల్లో, దూబెంని పూడ్చిన రోజు కట్టుకోవలసిన బట్టల్లో లోపలికి నడిచాం. నన్ను చూసి వాడి మొహం వెలిగింది. "మా అక్క వచ్చింది, దీవించడానికి" అన్నాడు. నంబరు కాగితం కుడిచేత్తో ఇచ్చాను.

ఫోన్లు బాగుచేసేవాడు యంత్రాన్ని ఫోనుకి తగిలించాడు. నంబరు కొట్టాడు. తెరుచుకుంది. ఊరంతా హా అన్నారు. అనాయో కుర్చీలోంచి లేచాడు. ఆ బాగుచేసేవాడు ఫోన్లోకి చూసి, తల గోక్కుని, మళ్ళీ చూసి, ఎవరితోనూ కాకుండా నేలతో చెప్పాడు: "రెండువందల నైరా ఉందండి."

పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎన్ని లక్షలు అన్నాడు. "లక్షలు కావండీ. రెండువందలు."

అప్పుడు నేను మాట్లాడాను. పెద్దగా ఏం అనలేదు. "తమ్ముణ్ణి పూడ్చే తేదీ అక్కకి అబద్ధం చెప్పినవాడికి ఏ బిరుదు ఇస్తారో చూద్దామని వచ్చాం" అన్నాను. ఆ అబద్ధం పెద్దలకి అప్పటిదాకా తెలియదు. పెద్దాయన తన గొడుగు తీసుకుని లేచాడు. తరవాత ఒక్కొక్కరూ. ఎద్దుమాంసం మాత్రం ఎవరూ వదల్లేదు, ఆకుల్లో చుట్టుకుని వెళ్ళారు. టోపీ తియ్యమని ఎవరూ చెప్పలేదు, అనాయో తనే తీసేశాడు.

మేం వెళ్ళలేదు. చాపలు పరిచాం. ఆడపడుచులు కూర్చుంటే కోరింది జరిగేదాకా లేవరని నీకు తెలుసు. వాడి కట్టెలు, వాడి పెండలం, వాడి మేకలు. నిన్న నాలుగో మేక. మొన్నే నీ మిషన్లు లారీ ఎక్కించాడు. షాపు తాళంచెవి ఈ కవరులో ఉంది. నిన్న దూబెం సమాధి మీద నా పిడికెడు మట్టి వేశాను, వాణ్ణి పక్కన మోకాళ్ళ మీద నిలబెట్టి. ఇక ఒక్కటే మిగిలింది. ఊరి ముందు వాడికి గుండు. అది మాత్రం కుదరదంటున్నాడు, బతిమాలుతున్నాడు, చిన్నప్పుడు నీ వీపు మీద తిరిగానక్కా అంటున్నాడు. మా ముసలమ్మలు కొందరు మెత్తబడ్డారు. మిగతావి ఇచ్చాడుగా, వదిలేద్దామా అని ఒకరోజు నేనూ అనుకున్నాను. నువ్వేమంటావు? దెబ్బ తిన్నది నువ్వు, మాట నీది.

ఆ రెండువందల గురించి సిగ్గుపడకు. మొదటిసారి చేసేవాళ్ళు అంతా పంపేశామనుకుని కొంచెం వెనక వదిలేస్తారు. నేనూ వదిలాను ఒకసారి. ఏం పోయింది, రెండువందలేగా. మర్చిపో.

అదాకు

*

అబా,
సెప్టెంబరు 11.

అదాకు వదినగారికి,

నమస్కారం. ఈసారి చెయ్యి బాగానే వచ్చింది.

తాళంచెవి అందింది. మిషన్లు చేరాయి. ఒకదాని బెల్టు తెగింది, అది ఎజిన్నే తమ్ముడు వేస్తానన్నాడు. చెక్కపాదాలు కడిగి పాత చోటే పేర్చాను, అడుగు చెక్కించి నున్నగా చేయించి. ఇక అవి పాదాలే.

రెండువందలు మర్చిపోయి వదల్లేదు వదినా. అంతా పంపడం నాకు వచ్చు. ఆ పూట బజారుకి వెళ్ళి ధర అడిగి వచ్చి, అంత కొలిచి అందులో ఉంచాను. మా ఆయన పదిహేనేళ్ళు బూట్లు కుట్టాడు. బ్లేడు కొనేంత మిగిల్చాడు. ఆ రోజు అడిగారు కదా, జవాబు చెప్పలేదని నన్ను చూసి నవ్వారు కదా.

ముసలమ్మలకి నా దండాలు చెప్పండి. మెత్తబడవద్దనండి.

బ్లేడు బావగారి దగ్గరే ఉన్న డబ్బుతో కొనమనండి.

మీ
ఉరెన్నా